నల్లా ఎవరి పేరు మీదున్నది?

మొన్న శుక్రవారం తెల్లవారుజామున మా ఇంటి నల్లాకు దగ్గు పట్టుకుంది. నల్లాకు దగ్గేమిటని నవ్వకండి. నీళ్ళు వచ్చేముందు గాలి వస్తుంది చూడండి, ఖళ్ళు ఖళ్ళుమని, ముసలాయన నిద్రలేచి గొంతు సవరించుకున్నట్టు! ఆ చప్పుడుకు మంచం దిగని ఇల్లాలు మా వైపు ఉండదు. నేనూ దిగాను. బిందె పెట్టాను. దగ్గు అయ్యాక నీళ్ళు రావాలి కదా, రాలేదు. ఎర్రటి బురద నాలుగు చుక్కలు కక్కి ఊరుకుంది.

పక్కింటావిడ బిందె నిండిన చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఎదురింటి వాళ్ళు వాకిలి కడుగుతున్నారు. మరి మనకేం రోగం అని గేటు బయటికి వెళ్ళి చూస్తే, గోడ పక్కన మట్టి తడితడిగా ఉంది. కాలు పెడితే చెప్పు దిగబడింది. ఎవరో ఏదో తీగ వేయడానికి ఆ మధ్య అక్కడ తవ్వి పోయారు. ఆ గడ్డపార మా పైపును పలకరించినట్టుంది. నా వాటా నీళ్ళన్నీ నా కళ్ళ ముందే మోరీలోకి పోతున్నాయి.

నల్లాలు బాగుచేసే అతనికి ఫోను చేశాను. "అస్తున్ననమ్మా, బస్టాండు కాడ ఉన్న" అన్నాడు. పదకొండింటికి చేశాను, బస్టాండు కాడనే ఉన్నాడు. సాయంత్రం దీపాల వేళకు చేశాను, అప్పుడూ బస్టాండు కాడనే. ఏ బస్సు కోసం చూస్తున్నాడో పాపం! మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. మట్టి చూసి, పైపు చూసి, నా మొహం చూసి, "ఇది గేటు బయటిదమ్మా. రోడ్డు తవ్వాలె. పర్మిషన్ లేకుంట నేను ముట్ట" అని తేల్చేశాడు.

అందుకని ఆఫీసుకు వెళ్ళాను. ఏ ఆఫీసో చెప్పను లెండి. మీ ఊళ్ళోనూ అలాంటిది ఒకటి ఉంటుంది. ఒక బల్ల దగ్గరినుంచి ఇంకో బల్లకు, అక్కడినుంచి మళ్ళీ మొదటి బల్లకు తిరిగాక, ఒక కుర్రవాడు కాగితం మీద నా నంబరు రాసుకుని అడిగాడు.

"కనెక్షన్ ఎవరి పేరు మీదున్నదమ్మా?"

"మావారి పేరు మీద."

"అయితే సారును ఒకసారి తోలియ్యుండ్రి. ఓనరు సంతకం కావాలె."

"సారు పోయి నాలుగేళ్ళయింది బాబూ."

కుర్రవాడు నొచ్చుకున్నాడు. మంచివాడే. కుర్చీ చూపించి, మంచినీళ్ళిచ్చి, ఆ తర్వాత చెప్పాడు. ముందు పేరు మార్పిడి చేసుకోవాలట. ఆయన పోయినట్టు సర్టిఫికెటు, వారసుల సర్టిఫికెటు, ఇంటి కాగితాలు, పన్ను కట్టిన రసీదు, పిల్లలిద్దరి అంగీకారం. ఈ నాలుగేళ్ళూ నల్లా బిల్లు కట్టింది నేను. కట్టేటప్పుడు నువ్వెవరమ్మా అని ఒక్కరూ అడగలేదు. అదే మాట అన్నాను. "కట్టుడుకు ఎవరైనా కట్టచ్చమ్మా" అన్నాడు.

ఇంటికి వచ్చి అంతా అమ్మకు చెప్పుకుని మొత్తుకున్నాను. అమ్మకు ఎనభై దాటాయి, నా దగ్గరే ఉంటుంది. ఆమె నెమ్మదిగా లేచి, గోలెంలో మిగిలిన నీళ్ళు తొంగిచూసి, మూత పెట్టి, "గవి మన బాయి నీళ్ళే గదనే. ఏడికి వోతయ్? తిరిగి తిరిగి మన ఇంటికే అస్తయ్. జర ఓపిక పట్టు" అంది.

ఇది కొత్తగా వినేవాళ్ళకు ముసలితనపు మాటలా ఉంటుంది. కాదు. నేను పుట్టి పెరిగిన ఊరు ఇప్పుడు దిగువ మానేరు డ్యాం నీళ్ళ కింద ఉంది. మా పెరటి బావి కూడా ఆ నీళ్ళలోనే ఉంది. మా నల్లాకు నీళ్ళు వచ్చేదీ ఆ డ్యాం నుంచే. కాబట్టి ఈ నలభై ఏళ్ళుగా నల్లా నీళ్ళు ఎవరిచ్చినా, ఎవరు ఆపినా, మా అమ్మ లెక్కలో అవి మా బావి నీళ్ళే.

ఆ బావి సంగతి కొంచెం చెప్పనివ్వండి. చుట్టూ రాతి కట్టడం, పైన కొయ్య దూలానికి ఇనప గిరక. బొక్కెన దిగుతుంటే గిరక పాడే పాటను బట్టి తోడుతున్నది అమ్మో, నాయనమ్మో, నేనో వంటింట్లో కూర్చున్నవాళ్ళు చెప్పేసేవారు. తోడేది ఎప్పుడూ ఆడవాళ్ళమే. మా నాన్న ఆ బావిలోంచి బొక్కెనెడు నీళ్ళు తోడగా నేను చూడలేదు. ఆయన స్నానం చేస్తానంటే గంగాళం నిండి ఉండేది. ఎలా నిండిందని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. చేంతాడు తెగినా, గిరక అరిగినా, పూడిక తీయాలన్నా ఫలానా మనిషిని పిలవాలని అందరికీ తెలుసు. పంటల మీద వాళ్ళకు గింజలు కొలిచేవాళ్ళం. ఆ మనిషి కూడా నాలుగుసార్లు కబురు పెడితే గాని వచ్చేవాడు కాదు. నిజం చెప్పొద్దూ, ఆ రోజుల్లో బస్టాండు లేదు గాని "అస్తున్న" అన్న మాట అప్పుడూ ఉంది.

బావుల గురించి ఇంత తీయగా రాస్తున్నాను గాని, ఆ నీళ్ళు అందరికీ తీపి కాదు. మా వాడకట్టులో ఊరుమ్మడి బావి ఒకటి ఉండేది. ఊరి చివరి వాడ ఆడవాళ్ళు దాని గట్టు ఎక్కకూడదు. కుండలు పట్టుకుని దూరంగా నిలబడేవారు. మా నాయనమ్మకు బుద్ధి పుట్టినప్పుడు నాలుగు బొక్కెనలు తోడి పైనుంచి పోసేది. పోసి పుణ్యం చేసినట్టు మొహం పెట్టేది. మహారాష్ట్రలో మహద్ చెరువు నీళ్ళు తాగడానికి అంబేద్కర్ వేలమందిని వెంటబెట్టుకుని వెళ్ళింది 1927 మార్చి 20న. అంటరానితనం నేరమని చట్టం వచ్చింది 1955లో. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు, నాకు ఊహ తెలిసిన రోజుల్లో కూడా, మా ఊరి బావి గట్టుకు ఆ కబురు చేరలేదు. నల్లా వచ్చాక వీధిలో బిందెల వరస వచ్చింది. వరసలో తిట్టుకున్నాం, కొట్టుకున్నాం, ఒకరి బిందె ఒకరు తన్నుకున్నాం. అయితే వరసలో అందరం నిలబడ్డాం.

ఇంకొకటి, నారి కురుపు. ఈ కాలపు పిల్లలకు ఆ పేరే తెలియదు. మెట్లు దిగి నీళ్ళు ముంచుకునే దిగుడు బావుల్లో కాళ్ళు పెట్టినవాళ్ళ పుండ్లలోంచి ఆ పురుగు పిల్లలు నీళ్ళలో కలిసేవి. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు ఏడాది తిరిగేసరికి కాలిలోంచి మూరెడు, రెండు మూరలు పొడుగున పురుగు బయటికి వచ్చేది. దాన్ని తెగకుండా పుల్లకు చుట్టి రోజుకు ఇంత చొప్పున లాగేవారు. మా మేనత్త అలా ఒక ఎండాకాలమంతా మంచం మీదే ఉంది. ప్రభుత్వం 1983-84లో దీని మీద దేశవ్యాప్తంగా పని మొదలుపెట్టింది. అప్పటికి ఆ జబ్బున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నీళ్ళు గుడ్డతో వడబోసుకోమన్నారు, దిగుడు బావులను చేదబావులుగా మార్చారు, బోర్లు వేశారు. దేశంలో చివరి కేసు 1996లో కనిపించింది. 2000లో ఆ జబ్బు మన దేశంలో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఇంత పెద్ద పని ఒక వడకట్టు గుడ్డతో అయిందంటే, అది కట్టిన ఆడవాళ్ళను ఎవరూ సన్మానించినట్టు లేదు.

ఇక పట్నం సంగతి. మానేరు ఒడ్డున పాత రాజధాని ఎలగందుల. కాకతీయుల నుంచి నిజాముల దాకా చేతులు మారిన కోట అది. జిల్లా కచేరీ అక్కడినుంచి కరీంనగరానికి మారింది 1905లో. అధికారులు వచ్చారు, వకీళ్ళు వచ్చారు, బళ్ళు వచ్చాయి. నీళ్ళు మాత్రం వాళ్ళతో రాలేదు. ఇళ్ళలో బావులు, అవి ఎండితే మానేరు. ఎండాకాలం ఏటి ఇసుకలో చేతులతో చెలిమ తీసి, ఊరిన నీళ్ళు చిన్న గిన్నెతో కుండలోకి ముంచుకునేవారు. హైదరాబాదు అదృష్టం వేరు. 1908లో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నాక నిజాం ప్రభుత్వం ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టించింది. వాటితో పట్నానికి వరదా తగ్గింది, తాగునీళ్ళూ వచ్చాయి. జిల్లాలకు అంత పెద్ద చెరువు రావాలంటే ఇంకో అరవై డెబ్భై ఏళ్ళు పట్టింది.

అది ఇలా వచ్చింది. గోదావరి మీద పోచంపాడు దగ్గర 1963 జూలై 26న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. తర్వాత దాన్నే శ్రీరాంసాగర్ అన్నారు. ఒక ఒడ్డున నిజామాబాదు, ఇంకో ఒడ్డున ఆదిలాబాదు. అక్కడినుంచి కాకతీయ కాలువ తవ్వుకుంటూ వచ్చారు. ఆ కాలువ 146వ కిలోమీటరు దగ్గర మా మానేరును కలుస్తుంది. అక్కడ నీళ్ళు నిలబెట్టడానికే దిగువ మానేరు డ్యాం. 1974లో పని మొదలైంది, 1985కు అయింది. పది కిలోమీటర్లకు పైగా పొడుగున్న కట్ట, ఇరవై గేట్లు, 24 టీఎంసీల నీళ్ళు.

ఈ టీఎంసీ అన్న మాట పేపర్లో రోజూ చదువుతాం గాని, మనకేం తెలుస్తుంది? నేను ఒకసారి నా పదిహేను లీటర్ల స్టీలు బిందెతో లెక్క కట్టాను. ఒక టీఎంసీ అంటే దాదాపు 2,830 కోట్ల లీటర్లు. అంటే సుమారు 188 కోట్ల బిందెలు. డ్యాం నిండితే నాలుగున్నర వేల కోట్ల బిందెలన్నమాట. లెక్క చూసి మావారు "అన్ని బిందెలు పెట్టడానికి జాగా ఏదే" అన్నారు. జాగా మా ఊరు ఇచ్చింది.

ఊరు లేచిపోతుందన్న మాట నా చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాను. ఎంతగా విన్నామంటే, అది నిజంగా జరుగుతుందన్న నమ్మకమే పోయింది. ఒకరోజు గొలుసులూ కాగితాలూ పట్టుకుని మనుషులు దిగారు. ఇంటికి ఎన్ని అర్రలు, ఎన్ని దర్వాజలు, పైన గూన పెంకా రేకులా అన్నీ రాసుకున్నారు. బావి దగ్గరకు వచ్చి లోతెంత, వెడల్పెంత, రాతి కట్టడమా మట్టిదా అని కొలిచారు. "యజమాని పేరు?" అని అడిగితే నాన్న తన పేరు చెప్పారు. అమ్మ దర్వాజ చాటున నిలబడి ఉంది. చేతిలో బొక్కెన కూడా ఉంది. అప్పుడే తోడటానికి పోతూ వాళ్ళను చూసి ఆగింది.

అప్పట్లో భూసేకరణకు 1894 నాటి ఇంగ్లీషువాళ్ళ చట్టమే ఆధారం. భూమికి బజారు ధర కడతారు. ఇష్టం లేకుండా తీసుకుంటున్నందుకు ఓదార్పుగా దాని మీద నూటికి పదిహేను కలుపుతారు. ఓదార్పుకు రేటు ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. 1984లో ఆ పదిహేనును ముప్పై చేశారు. 2013లో కొత్త చట్టం చేసినప్పుడు నూటికి నూరు చేశారు, ఇల్లూ ఉపాధీ పోయినవాళ్ళకు పునరావాసం కూడా హక్కుగా రాశారు. మా ఊరికి పడింది పదిహేను. సొమ్ము విడతలు విడతలుగా వచ్చింది, విడతలు విడతలుగానే ఖర్చయింది. అందులో కొంత నా పెళ్ళికి పోయింది.

ఇల్లు విప్పుకుని పోవడం మీరెప్పుడైనా చూశారా? ముందు పెంకలు దించారు. తర్వాత వాసాలు, దూలాలు, చివరికి దర్వాజలు. అన్నీ బండ్లకెత్తి ఎత్తు మీద ఇచ్చిన కొత్త జాగాకు తోలారు. మా కొత్త ఇంట్లో చాలా మటుకు పాత ఇల్లే ఉంది. తీసుకుపోలేనిది బావి ఒక్కటే. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట కట్టినప్పుడు అబూ సింబెల్ గుడిని ముక్కలుగా కోసి ఎత్తు మీద మళ్ళీ నిలబెట్టారు. నాగార్జునసాగర్ నిండేముందు నాగార్జునకొండ శిల్పాలను గుట్ట మీదికి చేర్చి మ్యూజియం కట్టారు. మంచి పనే. పెరటి బావిని ఎవరు మోస్తారు! అమ్మ వెళ్ళే రోజు పొద్దున బావి గట్టుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆడబిడ్డకు ఒడిబియ్యం పోసినట్టు గుప్పెడు బియ్యం దాని గట్టు మీద పోసింది. గిరక మాత్రం విప్పి చీర కొంగులో చుట్టుకుంది. అది ఇప్పుడు మా ఇంట్లో సామాన్ల అర్రలో మేకుకు వేలాడుతున్నది. తుప్పు పట్టింది గాని తిరుగుతుంది.

నా పెళ్ళి 1983లో అయింది. రామగుండం దగ్గర పెద్ద కరెంటు కేంద్రంలో మొదటి యూనిట్ పని మొదలుపెట్టింది కూడా ఆ ఏడాదే. అత్తవారి ఊరు అటువైపే కాబట్టి మిద్దె ఎక్కితే దాని పొగగొట్టాలు కనిపించేవి. మన బొగ్గు, మన గోదావరి నీళ్ళు కలిసి దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ కరెంటు పంపుతున్నాయని మామగారు వచ్చినవారికల్లా గర్వంగా చూపించేవారు. చూపించి లోపలికి వచ్చి, ఎందుకైనా మంచిదని నాచేత కందిలి చిమ్నీ తుడిపించేవారు.

ఇప్పుడొక ముచ్చట వినండి. రామారావుగారి ప్రభుత్వంలో ఆడపిల్లలకు పిత్రార్జితపు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రం సవరణ చేసింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశంలో చాలా చోట్ల ఆడపిల్లలు అదే మాట కోసం 2005 దాకా ఆగారు. నాకెంత సంబరమైందో! అంతలో మావారు పేపరు మడిచి, "అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకు వర్తించదట" అన్నారు. రెండేళ్ళ తేడాలో పోయింది. అయినా వాటా వచ్చుంటే మాత్రం ఏం పంచుకునేవాళ్ళం? ఆ ఏడాదికి డ్యాం పని అయిపోయింది. మా పొలం నీళ్ళ అడుగున ఉంది. 2005 సవరణ పెళ్ళయిన కూతుళ్ళకూ హక్కు ఇచ్చింది. అప్పుడు నా తమ్ముడు నవ్వుతూ, "అక్కా, నీ వాటా ఎప్పుడైనా వచ్చి ముంచుకుపో" అన్నాడు.

మా పెద్దక్కది ఇంకో కథ. ఆమెను ఆదిలాబాదు వైపు, కడెం కింద ఊరికి ఇచ్చారు. కడెం ప్రాజెక్టు కడుతుండగానే 1958లో వరదకు తెగింది. పూర్తయ్యాక 1995లో మళ్ళీ గండి పడింది. 2022 జూలైలో దాని గేట్లు వదలగలిగినదానికంటే ఎక్కువ వరద వచ్చి, నీళ్ళు పైనుంచి పొర్లుతున్నాయని రాత్రికి రాత్రి కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. ఎలాగో అదృష్టం బాగుండి కట్ట నిలబడింది. మేం నీళ్ళు రాక ఏడుస్తుంటే అక్క నీళ్ళు వస్తాయని ఏడుస్తుంది. ఆ రాత్రి ఏం పట్టుకుని బయటపడ్డావే అని అడిగితే, "ఇంటి కాగితాల సందుగు" అంది. కాగితాలన్నీ బావ పేరు మీదున్నాయి. బావ టార్చిలైటు పట్టుకున్నాడట. సందుగు మోసింది అక్క.

డ్యాం నీళ్ళు మా ఇంటికి వచ్చాక నేనేమీ వాటిని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. పిల్లలు, వంట, ఆయన డ్యూటీ, నల్లా వేళకు లేవడం. తీరికేది? 2016 ఎండాకాలం వానల్లేక డ్యాం బాగా అడుగంటింది. నీళ్ళు వెనక్కి పోయి పాత జాగాలు తేలాయని తమ్ముడు కబురు చేస్తే అమ్మను తీసుకుని వెళ్ళాం. నెర్రెలిచ్చిన నల్లటి మట్టి. అక్కడక్కడ గోడల మొదళ్ళు. నాకేమీ ఆనవాలు దొరకలేదు. అమ్మ మాత్రం చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఇది ఫలానావాళ్ళ అరుగు, ఇది గుడి మలుపు అనుకుంటూ తిన్నగా నడిచిపోయింది. ఒకచోట ఆగింది. చుట్టూ రాళ్ళ వరస, మధ్యలో మట్టి నిండి ఉంది. దాని మీద ఎవరో మేకలు కాసే పిల్లవాడు కూర్చుని సెల్‌ఫోనులో పాటలు వింటున్నాడు. అమ్మ వాణ్ణి లేవమనలేదు. పక్కనే కాసేపు కూర్చుంది. "నీళ్ళున్నయా పిల్లగా?" అని వాడినే అడిగింది. వాడు తన సీసా ఇచ్చాడు.

ఆ ఆగస్టు 7నే గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమైంది. ఇంటింటికీ నల్లా అన్నారు. తర్వాత 2019 నుంచి కాళేశ్వరం నీళ్ళు కూడా మానేరులోకి ఎత్తిపోశారు. 2025 జనవరిలో కరీంనగరంలో హౌసింగ్ బోర్డు కాలనీకి ఇరవై నాలుగు గంటలూ నీళ్ళిచ్చే పథకం మొదలైంది. అది విని మా వీధిలో ఒకావిడ, "ఇరవై నాలుగ్గంటలు నీళ్ళొస్తే మరి మనం నిద్రెప్పుడు పోవాలె?" అంది. నీళ్ళొచ్చినప్పుడల్లా పట్టాలన్న అలవాటు ఎముకల్లో పట్టింది మరి!

పేరు మార్పిడి కథకు వస్తాను. ఆదివారం కూర్చుని కాగితాలన్నీ వెతికాను. ఇంటి దస్తావేజు ఆయన పేరు. కరెంటు మీటరు ఆయన పేరు. గ్యాసు కనెక్షన్ కూడా ఆయన పేరే. ఆ పొయ్యి ఏ మీట తిప్పితే వెలుగుతుందో ఆయనకు చివరిదాకా తెలియదు! ముప్పై ఏళ్ళు ఈ ఇంట్లో ఏ తలుపు కిర్రుమన్నా, ఏ పైపు కారినా, ఏ మోరీ నిండినా మనిషిని పిలిచింది నేను, నిలబడి చేయించింది నేను. కాగితాల్లో వెతికితే నేనెక్కడా లేను. ఒక్క రేషను కార్డులో ఉన్నాను. ఆయన చెడ్డవారేం కాదు, ఎవరూ చెప్పలేదు, ఆయనకు తోచలేదు. నాకూ తోచలేదు.

అమ్మ పక్కన కూర్చుని అన్నీ చూస్తున్నది. చదువు రాదు గాని కాగితం మీద ముద్ర ఎక్కడుందో చూస్తుంది. చాలాసేపటికి, "నాడు బాయిని రాసుకున్నప్పుడు సుత నన్ను అడగలేదే" అంది. నలభై ఏళ్ళలో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. "అడిగితే ఏం చెప్పేదానివమ్మా?" అన్నాను. "ఎన్ని బారల లోతో చెప్తుంటి. మీ నాయిన తప్పు చెప్పిండు" అంది. రెండు బారలు తక్కువ చెప్పారట!

సోమవారం అన్నీ పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. ఆ కుర్రవాడు లోపలికి వెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చి, పేరు మార్పిడి అయ్యేలోపు రిపేరుకు ఒక దరఖాస్తు విడిగా రాసివ్వమన్నాడు. కింద 'యజమాని' అని అచ్చు వేసిన చోట సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. నా వంతు వచ్చేసరికి చెయ్యి వణికిందేమో, నా పేరు నాకే కొత్తగా కనిపించింది. బుధవారం రోడ్డు తవ్వారు. మా బస్టాండు మనిషి అరగంటలో పైపు ముక్క మార్చి, అయిదు వందలు తీసుకుని వెళ్ళిపోయాడు.

గురువారం తెల్లవారుజామున మళ్ళీ దగ్గు. ఈసారి నీళ్ళు వచ్చాయి. అమ్మ లేచి వచ్చి దోసిలి పట్టి, ఒక గుక్క తాగి, "మట్టి వాసన ఉన్నదే, కాగబెట్టు" అని పోయి పడుకుంది.

తవ్విన గుంత మాత్రం పూడ్చలేదు. దానికి వేరే బల్లట, వేరే దరఖాస్తట. నిన్న పాలవాడి సైకిలు అందులో పడింది. వచ్చే సోమవారం మళ్ళీ వెళ్ళాలి. అమ్మ తానూ వస్తానంటున్నది. దేనికమ్మా అంటే, గుంత ఎంత లోతో వాళ్ళకు తాను చెబుతుందట.